నూట పన్నెండు అభ్యంతరాలు

"బుగ్గల మీద ఆ మట్టేంటండీ? తుడుచుకుని రండి."

కల్పన చెవిన పడిన నా మొదటి మాట ఇది. ఇంతకన్నా దరిద్రమైన మొదటి మాట కృష్ణా జిల్లాలో ఇంకెవడూ ఆడి ఉండడు. నిజానికి నేనన్నది ఆ అమ్మాయిని కాదు, కెమెరా ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న వాళ్ళ మామ్మని. ఆవిడ రెండు బుగ్గల మీదా రూపాయి బిళ్ళంత లేత పసుపు పూత ఉంది. జవాబు మాత్రం వెనకాల నిలబడ్డ మనవరాలి నుంచి వచ్చింది.

"మట్టి కాదండీ, వెలగ గంధం. వెలగచెట్టు బెరడు సాన మీద అరగదీస్తాం. ఎండకి చల్లగా ఉంటుంది. తుడవం."

"ఫొటోలో మచ్చలు పడతాయండీ. సాఫ్ట్‌వేర్ తీసుకోదు."

"మా మామ్మ నలభై అయిదేళ్ళుగా ఈ మొహంతోనే ఉంది. సముద్రం తీసుకుంది, ఊరు తీసుకుంది. మీ సాఫ్ట్‌వేర్‌కి ఏం పొయ్యేకాలం?"

లైన్లో ఉన్నవాళ్ళంతా గొల్లున నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది. అసలే నాకు కోపం ఎక్కువని మా అమ్మ అందరికీ చెప్పుకుంటూ ఉంటుంది.

అది రెండువేల తొమ్మిది, అక్టోబరు నెల. అంతకు ముందు ఏడాది బొంబాయి మీద దాడి చేసినవాళ్ళు సముద్రం మీదనుంచి వచ్చారు కాబట్టి, దేశం మొత్తానికి కంప్యూటర్ గుర్తింపు కార్డులు ఇచ్చేముందు సముద్రం ఒడ్డున ఉన్న ఊళ్ళకి ఇవ్వాలన్నారు. మొహం, పది వేళ్ళ ముద్రలు, పుట్టిన ఊరు, జాతీయత అన్నీ కంప్యూటర్లోకి ఎక్కించాలి. ఎక్కించేవాణ్ణి నేను. పేరు లోహిత్, ఊరు గుడివాడ. కంప్యూటర్ డిప్లొమా చేసి రెండేళ్ళు ఖాళీగా తిరిగితే, ఇక్కడ తహసీల్దారుగా పనిచేస్తున్న మా మేనమామ కాంతారావు గారు కాంట్రాక్టరుతో ఒక మాట చెప్పి ఈ ఉద్యోగం ఇప్పించాడు. అలా వచ్చి పడ్డాను, హంసలదీవి పక్కన గుల్లలదిబ్బలో. మూడు వందల మంది జనం, ఒక చర్చి, ఒక రామాలయం. కమ్యూనిటీ హాల్లో నా లాప్‌టాప్, బయట దానికో జనరేటర్.

"ఇంతకీ ఈ కార్డు ఎవరికిస్తారండీ?" అంది కల్పన.

రూల్ నాకు నోటికొచ్చు. "ఆరు నెలలుగా ఈ ఊళ్ళో ఉంటున్నవాళ్ళకి. లేదా ఇంకో ఆరు నెలలైనా ఇక్కడ ఉండబోయేవాళ్ళకి."

"మామ్మకి లెక్క సరిపోయింది కదా. తియ్యండి ఫొటో."

తీశాను. గంధంతోనే తీశాను. సాఫ్ట్‌వేర్ కిక్కురుమనకుండా తీసుకుంది. ఆ అమ్మాయి నావైపు చూసిన చూపు ఉందే, అది ఇప్పటికీ గుర్తుంది. కోపంగా చూసిందనుకుందామంటే పెదవి చివర నవ్వు ఉంది.

"పేరు?"

"ఆనందమ్మ."

"పుట్టిన ఊరు?"

"రంగూన్."

నా వేళ్ళు ఆగిపోయాయి. అలా కొడితే ఏమవుతుందో ట్రైనింగ్‌లో చెప్పారు. కొట్టాను. ఆవిడ పేరు ఎర్రగా అయిపోయింది. పక్కన 'జాతీయత: పరిశీలనలో' అని వచ్చింది.

"అంటే ఏంటి?" అంది కల్పన, లాప్‌టాప్ మీదికి వంగి.

"కాగితం ఏదన్నా చూపించాలండీ. లేకపోతే విదేశీయురాలని రాస్తారు. లిస్టు పోలీసులకి వెళ్తుంది."

ఆనందమ్మ గారు కుర్చీలోంచి లేవలేదు. ఆవిడ తండ్రి దివిసీమ నుంచే రంగూన్ రేవులో మూటలు మొయ్యడానికి వెళ్ళాడట. ఆవిడ అక్కడే పుట్టి, అక్కడే ఆస్పత్రిలో ఆయాగా చేసింది. బుగ్గల గంధం కూడా అక్కడి అలవాటే. అరవై నాలుగులో అక్కడివాళ్ళు పొమ్మంటే భర్తతో ఓడెక్కి వచ్చేసింది. ఓడలో ఇచ్చిన కాగితం ట్రంకు పెట్టెలో ఉండేది. డెబ్భై ఏడు ఉప్పెనలో ట్రంకు పెట్టె పోయింది, భర్త పోయాడు. ఇదంతా ఆవిడ రెండు నిమిషాల్లో చెప్పేసింది.

"ఒకసారి మీ దేశం ఇది కాదు పొమ్మని ఓడెక్కించారు బాబూ. అరవై ఎనిమిదేళ్ళొచ్చాయి. మళ్ళీ ఇక్కడా అదే మాట వినాలా?"

వెనకనుంచి ఏడుకొండలు గారు కేకేశాడు. నలభై నాలుగేళ్ళ మనిషి, ఊళ్ళో పెద్ద పడవ ఆయనదే. "హంసలదీవిలో పుట్టానని చెప్పెయ్ ఆనందమ్మా, గొడవొదిలిపోద్ది!"

"నేను పుట్టింది రంగూన్‌లో రా. మా అమ్మని అక్కడే పాతిపెట్టాం. లేదంటే ఎట్టా?"

ఆవిడ లేచి వెళ్ళిపోయింది. కల్పన వంతు వచ్చింది గానీ కూర్చోలేదు. "మామ్మ సంగతి తేలాకే నేను తీయించుకుంటా" అని చక్కా పోయింది.

*

ఆ రోజు నుంచీ నాకు గుల్లలదిబ్బలో పని ఎక్కువైపోయింది. అంటే, నేనే కల్పించుకున్నాను. వేలిముద్ర సరిగ్గా పడలేదని ఒకరింటికి, పుట్టిన తేదీ తప్పని ఇంకొకరింటికి తిరిగేవాణ్ణి. ఏ ఇంటికి వెళ్ళాలన్నా దైవాధీనం గారి ఇంటి మీదుగానే దారి ఉన్నట్టు నడిచేవాణ్ణి. దైవాధీనం గారు కల్పన నాన్న. ఆయన పీతలు పడతాడు, డిగ్రీ చదివిన కూతురు వాటిని తాళ్ళతో కట్టి, బుట్టలో పెట్టి టీవీఎస్ మీద అవనిగడ్డ తీసుకెళ్ళి అమ్ముతుంది.

"మళ్ళీ ఎవరి వేలు పోయిందండీ?" అనేది నన్ను చూడగానే.

"పోతురాజు గారి చిటికెన వేలు."

"నిన్న కూడా ఆయన చిటికెన వేలే."

"అది మొండి వేలండీ."

ఆ అమ్మాయి పీతని కాలికింద తొక్కిపెట్టి, రెండు డెక్కలూ మడిచి, తాడు నాలుగు చుట్లు చుట్టి పంటితో లాగి ముడేసేది. అంతా కలిపి పది సెకన్లు. నేను నోరు తెరుచుకుని చూస్తుంటే ఒకరోజు ఓ పీతని నా ముందు పడేసింది.

"కట్టండి చూద్దాం. కంప్యూటర్ చదివారుగా."

కట్టాను. అంటే, అది నన్ను పట్టుకుంది. కుడిచేతి చూపుడు వేలు. నేను పెట్టిన కేకకి రామాలయం మీది పావురాలు లేచిపోయాయి. ఆనందమ్మ గారు పరిగెత్తుకొచ్చి పీత డెక్క విరిచి, నా వేలికి పసుపు పెట్టి గుడ్డ కట్టింది.

"ఇక మీ వేలిముద్ర కూడా పడదండీ," అంది కల్పన, నవ్వు ఆపుకుంటూ. ఆపుకోలేక నవ్వేసింది. ఆ నవ్వుకి ఇంకో తొమ్మిది వేళ్ళు ఇవ్వడానికి నేను సిద్ధమే.

అక్కడితో ఆగితే బాగుండేది. నేను ఆగే రకం కాదు. నవంబరు మొదటి వారంలో ఓ మధ్యాహ్నం జోరున వాన. హాల్లో ఎవరూ లేరు. ఆనందమ్మ గారి పేరు తెరిచి, 'రంగూన్' తీసేసి 'హంసలదీవి' అని కొట్టాను. ఎర్రరంగు పోయింది. ఎంత సులువు! వానలో తడుచుకుంటూ వాళ్ళింటికి పరిగెత్తాను. చూరు కింద కల్పన ఒక్కతే ఉంది.

"అయిపోయిందండీ! మామ్మ గారి కార్డు వచ్చేస్తుంది. ఊరి పేరు మార్చేశాను."

చేతిలో తాడు కింద పడేసింది. "ఏం చేశారు?"

"హంసలదీవి అని పెట్టాను. మీ కోసమే..."

"మా మామ్మ పుట్టిన ఊరు తీసెయ్యడానికి మీరెవరండీ?"

"అది కాదండీ, ఎవరికీ తెలీదు..."

"మాకు తెలుసుగా! ఆవిడ అందరి ముందూ కూర్చుని నిజం చెప్పింది. చెప్తే ఏమవుతుందో తెలిసీ చెప్పింది. మీరేమో దాన్ని అబద్ధం చేసి, నాకోసం అంటున్నారు. రేపు ఎవడైనా కనిపెడితే దొంగకార్డు ముసలమ్మ అంటారు. అప్పుడు మీరొచ్చి మొహం చూపిస్తారా? నాకోసమైతే మీరు పుట్టిన ఊరు మార్చుకోండి, మామ్మది కాదు!"

నాకూ కోపం వచ్చింది. "సాయం చేసినందుకు ఇదా?" అనేశాను.

"ఇది సాయమా? మేం తప్పు చేసినట్టు దాచిపెట్టడం సాయమా? వెళ్ళండి."

వెళ్ళాను. వానలో తడిసి ముద్దయి, హాల్లో కూర్చుని ఆ అమ్మాయిని ఓ గంటసేపు తిట్టుకున్నాను. తర్వాత నన్ను నేను తిట్టుకున్నాను, అది ఇంకా ఎక్కువసేపు పట్టింది. ఆ మాటల్లో ఒక్కటి కూడా తప్పు లేదు. లాప్‌టాప్ తెరిచి మళ్ళీ 'రంగూన్' అని కొట్టాను. ఎర్రగా అయింది. నా మొహం కూడా అలాగే ఉండి ఉంటుంది.

*

నెలాఖరుకి లిస్టు పంచాయతీ గోడకి అంటించారు. అభ్యంతరాలు ఉంటే పదిహేను రోజుల్లో రాసివ్వాలి. మూడు వందల పేర్లలో ఒక్క పేరు కింద ఎర్ర గీత. ఊరంతా గోడ దగ్గర చేరింది. ఆనందమ్మ గారు మాత్రం రాలేదు. కల్పన వచ్చింది గానీ నావైపు చూడలేదు.

"ఊరి పేరు మార్చి చెప్పుంటే అయిపోయేదిగా," అన్నాడు ఏడుకొండలు గారు. "అందరికీ కార్డులొస్తాయి, పాపం ఆవిడకే రాదు. ఏం చేస్తాం? కాగితం లేదాయె."

అప్పటికే నాకు ఒళ్ళు మండుతోంది. "మీకుందా ఏడుకొండలు గారూ కాగితం?"

"నాకెందుకయ్యా? నేనిక్కడే పుట్టాను."

"పుట్టినట్టు చూపించారా?"

"ఉప్పెనలో ఇల్లే పోతే కాగితమెక్కడుంటది?"

"మరి నేనెలా రాసుకున్నాను?"

"నేను చెప్పాను, నువ్వు రాశావు."

"ఆనందమ్మ గారు కూడా చెప్పారు. నేను రాశాను. మీది నల్లగా వచ్చింది, ఆవిడది ఎర్రగా వచ్చింది. ఈ ఊళ్ళో ఉప్పెనకి ముందు పుట్టినవాళ్ళలో ఒక్కరికి, ఒక్కరంటే ఒక్కరికి, కాగితం ఉందేమో చెప్పండి!"

అప్పుడు కల్పన నావైపు తిరిగింది.

"ఏవండీ. అభ్యంతరం ఎవరైనా పెట్టొచ్చా?"

"ఎవరైనా."

"ఎవరి మీదైనా?"

"ఎవరి మీదైనా."

"మనిషి తన మీద తనే పెట్టుకోవచ్చా?"

రూలంతా మనసులో ఒకసారి తిప్పుకున్నాను. "కూడదని ఎక్కడా లేదండీ."

ఆ అమ్మాయి కళ్ళు మెరిశాయి. నాకు అర్థమైంది, ఏడుకొండలు గారికి అర్థం కావడానికి ఇంకో నిమిషం పట్టింది. అర్థమయ్యాక ఆయన గోడ మీది లిస్టుని చాలాసేపు చూశాడు. మెడ మీది తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు.

"రాయవయ్యా. నా పేరు ఏడుకొండలు. నేనీ దేశంలో పుట్టినట్టు నా దగ్గర కాగితం లేదు. నా మీద నాకే అభ్యంతరం. నా పేరు కింద కూడా ఎర్ర గీత పెట్టమను."

ఆ సాయంత్రానికి నలభై ఫారాలు అయ్యాయి. మర్నాటికి నూట పన్నెండు. పోతురాజు గారు తన మొండి చిటికెన వేలితో సహా అన్ని వేళ్ళూ సిరాలో ముంచి ముద్రలేశాడు. రాసింది మొత్తం నేనే. పీత కొరికిన వేలితో రాశాను. కల్పన పక్కన కూర్చుని పేర్లు చదివింది. మధ్యలో ఒకసారి మెల్లగా అడిగింది.

"మామ్మ పేరు దగ్గర మళ్ళీ రంగూన్ అనే పెట్టారంటగా?"

"ఆ రోజే పెట్టానండీ."

"చెప్పలేదేం?"

"మీరు వెళ్ళమన్నారుగా, వెళ్ళాను."

ఆ అమ్మాయి లేచి వెళ్ళి గ్లాసుతో టీ తెచ్చి నా ముందు పెట్టింది.

*

నాలుగో రోజున జీపు వచ్చింది. మావయ్య దిగీ దిగగానే ఫారాల కట్ట నా బల్ల మీద పడేశాడు.

"ఒరేయ్ లోహిత్, నూట పన్నెండూ నీ చేతిరాతే. నేను గుర్తుపట్టననుకున్నావా? మీ అమ్మ మొహం చూసి ఉద్యోగం ఇప్పిస్తే నా నెత్తికే తెస్తావా?"

"వాళ్ళు చెప్పారు, నేను రాశాను సార్. అదేగా నా ఉద్యోగం."

"ఇంట్లో మావయ్యా, ఇక్కడ సారా?"

"ఉద్యోగం తీసేస్తానంటే తీసెయ్యండి మావయ్యా. నూట పన్నెండింటికీ విచారణ మాత్రం చెయ్యాలి. రూల్ అది."

ఆ మాట అన్నందుకు నాకే ఆశ్చర్యం వేసింది. హాలు కిటకిటలాడుతోంది. మావయ్య కుర్చీలో కూలబడి మొదటి ఫారం తీశాడు.

"ఏడుకొండలు ఎవరు? ఏమయ్యా, నువ్వు ఈ ఊళ్ళోనే పుట్టావని చెప్పేవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

"ఉన్నారండి. నేను పుట్టినప్పుడు మా అమ్మ దగ్గరున్నది ఆనందమ్మ గారు. పురుడు పోసింది ఆవిడే."

"సరే. తర్వాత? ధనరాజు?"

"నాకూ ఆవిడేనండి. రంగూన్ ఆస్పత్రిలో నేర్చుకుందంట. మా ఊరికి ఆస్పత్రి ఆవిడే."

మూడో మనిషీ అదే మాట, నాలుగో మనిషీ అదే మాట. అయిదో ఫారం దగ్గర మావయ్య కలం కింద పెట్టాడు.

"ఆనందమ్మ ఎవరు?"

ఆవిడ లేచి నిలబడింది. బుగ్గల మీద వెలగ గంధం, కొత్తగా అద్దుకుని వచ్చింది.

"నేనేనండి. వీళ్ళల్లో అరవై నాలుగు తర్వాత పుట్టినోళ్ళందరికీ నేనే పురుడు పోశాను. ఎవరు ఏ వానలో పుట్టారో, ఎవరు కాళ్ళు ముందొచ్చి పుట్టారో చెప్పమంటే చెప్తాను. నా మాట చెల్లకపోతే వీళ్ళెవరూ పుట్టనట్టే. నా మాట చెల్లితే నన్నెందుకండీ ఎర్రగా రాశారు?"

తర్వాత పోతురాజు గారు లేచాడు. ఎనభై ఏళ్ళు ఆయనకి. ఆనందమ్మ గారి తండ్రి తన ఎదురుగానే రంగూన్ బయల్దేరాడనీ, ఆ ఇంటి చోటు కూడా చూపిస్తాననీ చెప్పాడు.

మావయ్య కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయన చెడ్డవాడు కాదు, కాగితం లేకపోతే భయపడే మనిషి. అంతే.

"పంచనామా రాస్తానమ్మా," అన్నాడు చివరికి. "అందరికీ కలిపి ఒకటే. ఊరంతా సాక్షి సంతకాలు పెట్టండి. జాతీయత భారతీయురాలు. పుట్టిన ఊరు..."

"రంగూన్," అంది ఆనందమ్మ గారు.

"రంగూన్," అని మావయ్య రాశాడు.

కల్పన ఏడుస్తోంది. దైవాధీనం గారు ఏడుస్తున్నాడు. నా కళ్ళలో మాత్రం జనరేటర్ పొగ పడింది.

సంతకాలు మొదలయ్యాక కల్పన వచ్చి కెమెరా ముందు కుర్చీలో కూర్చుంది. తన బుగ్గల మీద కూడా రెండు గుండ్రాలు.

"తుడుచుకోమంటారా?"

"తుడుచుకుంటే తియ్యను."

తీశాను. నాలుగుసార్లు తీశాను, ఒకటి చాలు నిజానికి. తర్వాత సంచీలోంచి నింపి పెట్టుకున్న ఫారం తీసి ఆ అమ్మాయి చేతికిచ్చాను. పైకి చదివింది.

"పేరు లోహిత్. పుట్టిన ఊరు గుడివాడ. ప్రస్తుత నివాసం గుల్లలదిబ్బ..." ఆగిపోయింది. "ఎన్నాళ్ళుగా ఉంటున్నారో రాయలేదేం?"

"ఉంటున్నవాణ్ణి కాదండీ. ఉండబోయేవాణ్ణి."

"ఆరు నెలలేనా?"

"ఫారంలో అంతకన్నా ఎక్కువ రాయడానికి చోటు లేదు. మీరు ఒప్పుకుంటే వెనకవైపు రాస్తాను. మీరంటే నాకిష్టం కల్పనా. మీ కోపం కూడా ఇష్టమే."

హాలంతా వింటోందని అప్పుడు తెలిసింది. ఏడుకొండలు గారు ఈలేశాడు. దైవాధీనం గారు దగ్గరికొచ్చాడు.

"మేం చర్చికెళ్ళే వాళ్ళం బాబూ. పీతలు పట్టుకునేవాళ్ళం. మీ వాళ్ళు ఒప్పుకుంటారా?"

"ఒప్పుకోకపోతే అభ్యంతరం రాసిస్తారండీ. పదిహేను రోజుల గడువుంది."

"ఒరేయ్, మీ అమ్మకి నేనేం చెప్పాలిరా?" అని మావయ్య నెత్తి పట్టుకున్నాడు.

"అమ్మకి నేనే చెప్తాను మావయ్యా. ఎల్లుండి కల్పన ఫొటో పట్టుకుని గుడివాడ వెళ్తున్నాను."

"సాక్షి సంతకం లేదుగా ఇందులో," అంటూ ఆనందమ్మ గారు ఫారం లాక్కుంది. నన్ను ఎగాదిగా చూసింది. "నిన్నెవరైనా పొమ్మన్నారా బాబూ? నువ్వే వచ్చావా?"

"నేనే వచ్చానండీ."

"అయితే నాకంటే నయం," అని గుండ్రటి అక్షరాలతో ఆనందమ్మ అని సంతకం పెట్టింది.

కల్పన లేచి, నన్ను భుజం పట్టుకుని కెమెరా ముందు కుర్చీలో కూర్చోబెట్టింది. తన బుగ్గ మీది తడి గంధం వేలితో తీసి నా ఎడమ బుగ్గకి రాసింది. లాప్‌టాప్ తనవైపు తిప్పుకుంది.

"నవ్వకండి," అంది తనే నవ్వుతూ. "రూల్."

బటన్ నొక్కింది. సాఫ్ట్‌వేర్ తీసుకుంది.